ముందు కోర్సు రాయండి, తర్వాత కొనండి: హోమ్‌స్కూల్ ఎలెక్టివ్‌లు, తిరిగొచ్చే ఖర్చులు

అమెరికాలో ఇంట్లో చదువుకి ప్రభుత్వ డబ్బు ఇచ్చే హోమ్‌స్కూల్ ప్రోగ్రాముల్లో చేరిన మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఆగస్టులో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది: "అకౌంట్‌లో ఇంత డబ్బు పడింది, దీంతో ఏమేం కొనొచ్చు?" ఈ ప్రశ్నతో మొదలుపెట్టిన వాళ్లకే ఏడాది చివర్లో ఎక్కువ బిల్లులు తిరస్కరిస్తారు. డబ్బు మంజూరు చేసే మనిషి వస్తువును ఒక్కదాన్నే విడిగా చూడరు. అది ఏ కోర్సుకి, ఏ పాఠానికి అవసరమైందో చూస్తారు. ప్లాన్‌లో బయాలజీ ఉండి, కణాలు చూసే ప్రయోగాలు అందులో రాసి ఉంటే మైక్రోస్కోప్ కోర్సు సామగ్రి అవుతుంది. ఆ వాక్యం లేకపోతే అదే మైక్రోస్కోప్‌ని బొమ్మ కింద తీసేస్తారు. కాబట్టి ఎలెక్టివ్ (తప్పనిసరి కాకుండా పిల్ల ఎంచుకునే కోర్సు) ఎంపిక, ఖర్చు రెండూ ఒకే పని. కోర్సును కాగితం మీద సరిగ్గా పెడితే సగం పని అయిపోయినట్టే.

మీ ప్రోగ్రామ్ ఏ రకమో ముందు తేల్చుకోండి

"హోమ్‌స్కూల్" అని అందరం ఒకే మాట వాడతాం కానీ, చట్టం దృష్టిలో ఇవి వేర్వేరు. టెక్సస్‌లోని డల్లాస్‌లో ఉన్న చుట్టాలకి పనిచేసిన సలహా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

కాలిఫోర్నియాలో చార్టర్ స్కూలు (పబ్లిక్ డబ్బుతో స్వతంత్రంగా నడిచే బడి) ద్వారా ఇంట్లో చదివే పిల్లలు చట్టప్రకారం పబ్లిక్ స్కూలు విద్యార్థులే. క్రెడెన్షియల్ (ప్రభుత్వ అర్హతపత్రం) ఉన్న టీచరు ఒకరు సుమారు 20 బడి రోజులకోసారి కలిసి, పని నమూనాలు తీసుకుంటారు. అక్కడ మీ చేతికి డబ్బు రాదు. మీరు అడిగితే స్కూలే వెండర్‌కి (వస్తువు అమ్మేవారికి, తరగతి చెప్పేవారికి) చెల్లిస్తుంది. మీ జేబులోంచి కట్టేసి తర్వాత అడిగితే చాలా స్కూళ్లు ఇవ్వవు. ఆ డబ్బుతో కొన్న మైక్రోస్కోపు, వయొలిన్, క్రోమ్‌బుక్ లాంటివి స్కూలు ఆస్తి. మానేసేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. రాసి నింపేసే వర్క్‌బుక్కులు, అయిపోయే రంగులు వంటివాటికి ఈ బాధ లేదు. పబ్లిక్ డబ్బు కాబట్టి మతబోధన ఉన్న పుస్తకాలకి, తరగతులకి ఇవ్వరు. ఇదే కాలిఫోర్నియాలో ప్రైవేట్ స్కూల్ అఫిడవిట్ (ఇంటినే ప్రైవేట్ స్కూలుగా చూపే ప్రకటన) వేసుకుని సొంతంగా చెప్పుకునే కుటుంబాలకి ఈ నిధులేవీ లేవు. ఏం చెప్పాలన్న స్వేచ్ఛ మాత్రం పూర్తిగా వాళ్లదే.

ఆరిజోనాలో ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్ (రాష్ట్రం చదువు ఖర్చుకి డబ్బు వేసే ఖాతా) 2022 నుంచి అందరికీ తెరిచారు. అందులో చేరేవాళ్లు రాష్ట్రంతో ఒప్పందం మీద సంతకం పెడతారు. చదవడం, వ్యాకరణం, గణితం, సాంఘికం, సైన్స్ నేర్పిస్తామని ఆ ఒప్పందంలో ఉంటుంది. ఒకే సమయంలో హోమ్‌స్కూల్ అఫిడవిట్, ఈ ఒప్పందం రెండూ ఉండకూడదు. డబ్బు మూడు నెలలకోసారి క్లాస్‌వాలెట్ అనే ఆన్‌లైన్ ఖాతాలో పడుతుంది. అక్కడ నిజంగానే మీరు ముందు కట్టి, రసీదు పెట్టి వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది. పాఠ్యపుస్తకం కాని అనుబంధ సామగ్రికి కరిక్యులమ్ ఆధారం (ఏ పాఠంలో వాడతారో చూపే రాత) ఉండాలని 2024లో అక్కడి అటార్నీ జనరల్ గట్టిగా చెప్పారు. ఈ విషయం కింద మళ్లీ వస్తుంది.

ఫ్లోరిడాలో పర్సనలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్ అనే స్కాలర్‌షిప్ 2023 చట్టంతో వచ్చింది. ఏటా స్టూడెంట్ లెర్నింగ్ ప్లాన్ ఇవ్వాలి, జాతీయ ప్రమాణ పరీక్ష ఒకటి రాయించాలి. మామూలు హోమ్ ఎడ్యుకేషన్ రిజిస్ట్రేషన్, ఇది ఒకేసారి కుదరవు.

టెక్సస్‌లో 2025 చట్టంతో వచ్చిన ఎడ్యుకేషన్ ఫ్రీడమ్ అకౌంట్లు 2026-27 విద్యా సంవత్సరంతో మొదలు. హోమ్‌స్కూల్ పిల్లలకి ఏడాదికి 2,000 డాలర్ల వరకు. డబ్బు తల్లిదండ్రుల చేతికి రాదు, ఆమోదం ఉన్న వెండర్ల దగ్గరే ఖర్చుపెట్టాలి. కంప్యూటర్లు, ఇతర పరికరాల మీద పదిశాతం పరిమితి ఉంది. అంటే 2,000లో 200. "ఈ డబ్బుతో ల్యాప్‌టాప్ వచ్చేస్తుంది" అనుకుని ఎలెక్టివ్‌గా కోడింగ్ పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క ముందే వేసుకోవాలి.

యూటాలో 2025లో చేసిన మార్పుతో హోమ్‌స్కూల్ పిల్లలకి 5 నుంచి 11 ఏళ్ల వారికి 4,000, 12 నుంచి 18 వారికి 6,000 డాలర్ల రాష్ట్ర స్కాలర్‌షిప్ పెట్టారు. ఎక్స్‌ట్రా కరిక్యులర్‌కి 20 శాతం, ఫిజికల్ ఎడ్యుకేషన్‌కి మరో 20 శాతం దాటకూడదు. తొమ్మిదేళ్ల పిల్లకి రెండిటికీ విడివిడిగా 800 డాలర్లే. అక్కడ డాన్స్‌ని ఏ గడిలో రాశారన్న దాన్నిబట్టి ఏడాది బడ్జెట్ మారిపోతుంది.

ఈ అంకెలూ షరతులూ ఏటా మారుతుంటాయి. ఆ ఏడాది హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ దించుకుని, పేరులో తేదీతో దాచుకోండి. తర్వాత వివాదం వస్తే మీరు కొన్న రోజున ఏ నియమం ఉందో చూపించడానికి అదే ఆధారం.

గంటల లెక్క

ఎనిమిదో తరగతి వరకు ఎలెక్టివ్‌కి క్రెడిట్ గొడవ లేదు. పిల్లకి ఏది నచ్చుతుందో చూడటానికి అదే మంచి సమయం. ఏడాదికి రెండు మూడు రుచి చూపించండి, ఒకదాన్ని వదిలేసినా పరవాలేదు. తొమ్మిది నుంచి లెక్క మారుతుంది.

ఒక క్రెడిట్ అంటే సుమారు 120 గంటల చదువు. దీన్నే కార్నెగీ యూనిట్ అంటారు. అరక్రెడిట్‌కి 60 గంటలు. 36 వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకి 40 నిమిషాలు చేస్తే సరిగ్గా 120 వస్తుంది. ఇక్కడ కాలిఫోర్నియా వాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అక్కడి పబ్లిక్ స్కూళ్లు సెమిస్టర్‌కి 5, ఏడాదికి 10 క్రెడిట్లు అని రాస్తాయి. ఆ పది, మిగతా రాష్ట్రాల ఒకటితో సమానం. ఊరు మారినప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, గ్రేడుల పట్టిక) మీద ఏ కొలత వాడారో ఒక లైన్ రాయకపోతే లెక్క తలకిందులవుతుంది.

మన పిల్లలు ఎక్కువగా చేసే కూచిపూడినే తీసుకోండి. వారానికి గంటన్నర తరగతి, 36 వారాలకి 54 గంటలు. ఇంట్లో వారానికి నాలుగు రోజులు అరగంట చొప్పున సాధన, ఇంకో 72 గంటలు. మొత్తం 126. పూర్తి క్రెడిట్‌కి సరిపోయింది. అయితే సాధన లాగ్ ఉండాలి. తేదీ, నిమిషాలు, ఏ అడవు లేదా ఏ అంశం అన్నది ఒక్కో లైన్. సాధన రాయని ఇంట్లో 54 గంటలే మిగులుతాయి, అరక్రెడిట్ కూడా కష్టం.

కూచిపూడిని ఫైన్ ఆర్ట్స్ కింద వేయాలా, ఫిజికల్ ఎడ్యుకేషన్ కింద వేయాలా అన్నది అందరూ అడిగేదే. ఏదో ఒకటి ఎంచుకోండి. ఒకే గంటను రెండు చోట్ల లెక్కపెడితే పర్యవేక్షించే టీచరు పట్టుకుంటారు, పట్టుకోకపోయినా అది సరికాదు. పిల్లకి ఈత, సైక్లింగ్ లాంటివి వేరే ఉంటే వాటిని పీఈలో పెట్టి, నాట్యాన్ని ఫైన్ ఆర్ట్స్‌లో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. కాలేజీ వాళ్లు ఫైన్ ఆర్ట్స్ గడిలో నాలుగేళ్లు ఒకే విద్య చూస్తే ఆగి చదువుతారు.

పేరు కూడా ముఖ్యమే. ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఒట్టి "కూచిపూడి" అని ఉంటే అడ్మిషన్స్ ఆఫీసులో అది నాట్యమో ఊరో తెలియకపోవచ్చు. "ఇండియన్ క్లాసికల్ డాన్స్: కూచిపూడి 1", మరుసటి ఏడాది "2" అని ఇంగ్లిషులో రాయండి. ప్రతి కోర్సుకీ అరపేజీ వివరణ తయారుచేసుకోండి. ఏం నేర్చుకుంటుంది, వారానికి ఎన్ని గంటలు, ఏ పుస్తకం లేదా ఏ సామగ్రి, గ్రేడు ఎలా ఇస్తారు అన్న నాలుగే ఉంటే చాలు. సామగ్రి పేర్లు ఆ అరపేజీలో ఉండటమే తర్వాత బిల్లుని నిలబెడుతుంది.

యూసీ, సీఎస్‌యూలకి (కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి) వెళ్లాలనుకునే కాలిఫోర్నియా పిల్లలకి ఇంకో మెట్టు ఉంది. ఎ నుంచి జి వరకు అక్షరాలతో గుర్తించిన వర్గాల ఎ-జి జాబితాలో మొత్తం 15 ఏడాది కోర్సులు, యూసీకైతే వాటిలో 11 సీనియర్ ఏడాదికి ముందే పూర్తి కావాలి, సి గ్రేడు గానీ అంతకు మించి గానీ ఉండాలి. కళలు ఎఫ్ కింద ఒక ఏడాది, కాలేజీ ప్రిపరేటరీ ఎలెక్టివ్ జి కింద ఒక ఏడాది. కోర్సు ఎంత బాగున్నా, దాన్ని ఇచ్చే స్కూలు ఆమోదిత జాబితాలో ఆ కోర్సు పేరు లేకపోతే లెక్కలోకి రాదు. డాన్స్ స్కూల్లో పదేళ్లు నేర్చుకున్నా ఎఫ్ గడి ఖాళీగా ఉండిపోవడం ఇందుకే జరుగుతుంది. తొమ్మిదో తరగతి మొదలుకాక ముందే మీ చార్టర్ కౌన్సిలర్‌ని "ఈ కోర్సు మీ ఎ-జి జాబితాలో ఏ పేరుతో ఉంది?" అని ఈమెయిల్‌లో అడగండి.

తెలుగును వదులుకోకండి

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, విదేశీ భాష క్రెడిట్ కోసం పిల్లల చేత మొదటి నుంచి స్పానిష్ చేయించే కుటుంబాలు ఎన్నో. స్పానిష్ మంచిదే, నేర్చుకోనివ్వండి. కానీ తెలుగుకీ క్రెడిట్ దారి ఉందని తెలియక వదిలేస్తే బాధగా ఉంటుంది.

దారులు రెండు. ఒకటి, గుర్తింపు ఉన్న తరగతి. తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడికి వాస్క్ (బడులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంది, కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు దాని తెలుగుకి క్రెడిట్ ఇస్తున్నాయి. మీ ప్రోగ్రామ్ ఇస్తుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడగాలి. రెండోది, పరీక్ష. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే, హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్షల్లో తెలుగు లేదు. అవాంట్ సంస్థ స్టాంప్ వరల్డ్‌స్పీక్ పరీక్షల్లో ఉంది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం అనే నాలుగింటిలో స్థాయి ఇస్తారు. ఆ స్కోరుతో సీల్ ఆఫ్ బైలిటరసీకి (రెండు భాషలు వచ్చని చూపే గుర్తింపుకి) దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాష్ట్రం ఇచ్చే సీల్ స్కూలు ద్వారా వస్తుంది. చార్టర్ పిల్లలకి అందుతుంది, సొంతంగా చదివే పిల్లలకి చాలా చోట్ల అందదు. అలాంటివారికి గ్లోబల్ సీల్ ఉంది, వ్యక్తిగతంగా తీసుకోవచ్చు.

ఈ పరీక్షలో మన పిల్లలు తడబడేది రాయడం దగ్గర. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల కూడా ఒత్తులు, గుణింతాలు టైపు చేయాల్సి వచ్చేసరికి ఆగిపోతుంది. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి తెలుగు కీబోర్డు అలవాటు కనీసం మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టించండి. కోర్సు ప్లాన్‌లో "వారానికి ఒక పేజీ తెలుగు టైపింగ్" అని రాస్తే కోర్సు గంటల్లోనూ కలుస్తుంది.

ఖర్చు వైపు చూస్తే, పరీక్ష ఫీజు చాలా ప్రోగ్రాముల్లో "టెస్టింగ్" వర్గంలో వస్తుంది. తెలుగు పుస్తకాల దగ్గర చిక్కు వేరే. ఇండియా నుంచి తెప్పిస్తే బిల్లు రూపాయల్లో, కొన్నిసార్లు పూర్తిగా తెలుగులో ఉంటుంది. సమీక్షించే మనిషికి అది చదవడం రాదు. పుస్తకం పేరు, విషయం, స్థాయి ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసి, కార్డు స్టేట్‌మెంట్‌లో డాలర్లలో పడిన లైన్‌తో కలిపి పెట్టండి. పిల్లల కథల పుస్తకాలే అయినా, దేవుడి కథలుంటే పబ్లిక్ డబ్బు నడిపే ప్రోగ్రాముల్లో మతసామగ్రి అనే అభ్యంతరం రావచ్చు. అలాంటివి సొంత డబ్బుతో కొనుక్కుంటే నిశ్చింత.

కాలేజీ కోర్సు అనే ఎలెక్టివ్

పదో తరగతి దాటిన పిల్లలకి అన్నిటికన్నా చవకైన, బరువైన ఎలెక్టివ్ కమ్యూనిటీ కాలేజీలో దొరుకుతుంది. మూడు సెమిస్టర్ యూనిట్ల కాలేజీ కోర్సు ఒకటి యూసీ లెక్కలో ఏడాది హైస్కూల్ కోర్సుతో సమానం. కాలిఫోర్నియాలో హైస్కూల్ పిల్లలు సాధారణంగా 11 యూనిట్ల వరకు తీసుకోవచ్చు, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చాలా కాలేజీలు తీసుకోవు. మిగిలే ఖర్చు పాఠ్యపుస్తకం, యాక్సెస్ కోడ్ (ఆన్‌లైన్ పాఠ్యసామగ్రి తెరిచే కోడ్), ల్యాబ్ ఫీజు. ఇవే ప్రోగ్రామ్‌లో పెట్టుకోవాల్సినవి. యాక్సెస్ కోడ్ ఒకసారి తెరిచాక వెనక్కి ఇవ్వలేం కాబట్టి, కోర్సులో సీటు ఖాయమయ్యాకే కొనండి. మొదటి వారం వెయిట్‌లిస్టులో ఉండగా కొన్న కోడ్, సీటు రాకపోతే పోయినట్టే. ఇంకో మాట, ఆ గ్రేడు శాశ్వతంగా కాలేజీ రికార్డులో ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లాడి చేత సరదాకి కాలిక్యులస్ చేయించకండి.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలకైతే, రాయనిచ్చే స్కూలు కోసం సెప్టెంబరులోనే ఫోన్లు మొదలుపెట్టాలి. స్కూళ్లు పరీక్ష పత్రాలు ఆర్డర్ చేసే గడువు నవంబరు మధ్యలో ముగుస్తుంది.

కొనే ముందు, కొన్న తర్వాత

ప్లాన్ ఆమోదం పొందిన తేదీకి ముందు కొన్నవి దాదాపు ఎక్కడా తిరిగి రావు. వేసవి సేల్‌లో చవగ్గా వచ్చిందని జూన్‌లో కొన్న కరిక్యులమ్ సెట్ ఇలాగే పోతుంది. ఆర్థిక సంవత్సరం చాలా చోట్ల జులై 1 నుంచి జూన్ 30. ఆర్డర్ తేదీ ఒక సంవత్సరంలో, కార్డు మీద చార్జి తేదీ ఇంకో సంవత్సరంలో పడితే కూడా ఇబ్బందే.

సందేహం ఉన్న ప్రతి వస్తువుకీ ముందస్తు ఆమోదం అడగండి. ఒకే వాక్యం చాలు: "పదో తరగతి, కర్ణాటక సంగీతం 2 కోర్సు, మొదటి సెమిస్టర్ కృతుల సాధనకి ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, ఒకటి, ధర ఇంత." తరగతి, కోర్సు, ఎందుకు, ఎన్ని, ఎంత. "మ్యూజిక్ వస్తువు కొనొచ్చా?" అని అడిగితే ఎవరూ స్పష్టంగా జవాబు చెప్పరు. జవాబు ఫోన్లో వస్తే, "మీరు ఇలా చెప్పారు కదా, నిర్ధారించండి" అని అదే రోజు ఈమెయిల్ పంపండి.

రసీదు విషయంలో ఎక్కువమంది ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్‌నే రసీదు అనుకుంటారు. అది మీరు అడిగారని చెబుతుంది, కట్టారని చెప్పదు. కొన్ని ఆన్‌లైన్ దుకాణాలు సరుకు బయల్దేరాకే కార్డు మీద చార్జి వేస్తాయి, రెండు పెట్టెలుగా పంపితే రెండు చార్జీలు పడతాయి. మీ అభ్యర్థనలో 84 డాలర్లు, స్టేట్‌మెంట్‌లో 51, 33 అని రెండు లైన్లు కనిపిస్తే సమీక్షకుడు ఆపేస్తాడు. సరుకు అంతా చేరాక ఫైనల్ ఇన్వాయిస్ దించుకోండి. అందులో దుకాణం పేరు, తేదీ, ఒక్కో వస్తువు పేరు, ధర, పన్ను, షిప్పింగ్, చెల్లించిన విధానం, కార్డు చివరి నాలుగంకెలు ఉండాలి. పన్ను, షిప్పింగ్ ఇస్తారా లేదా అన్నది ప్రోగ్రామ్‌ని బట్టి మారుతుంది. గిఫ్ట్ కార్డు, రివార్డ్ పాయింట్లు వాడితే ఆ భాగానికి మీరు డబ్బు కట్టినట్టు రుజువు ఉండదు. బడి సరుకుతో పాటు అదే కార్ట్‌లో ఇంటి సరుకు కలపకండి. వేరే ఆర్డర్‌గా పెట్టడానికి ఒక్క నిమిషం పడుతుంది, కలిపిన బిల్లు విడదీయడానికి వారం పడుతుంది. నెలాఖరున ఒకేసారి చూద్దాంలే అని వదిలేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. చాలా సైట్లలో పాత ఇన్వాయిస్ దొరుకుతుంది గానీ, చిన్న సంగీత తరగతుల వాళ్ల దగ్గర దొరకదు.

తరగతుల ఫీజుకి ఇన్వాయిస్ ఇలా ఉండాలి: పిల్ల పేరు, గురువు పేరు, విద్య పేరు, "సెప్టెంబరు 4, 11, 18, 25 తేదీల్లో 4 తరగతులు, ఒక్కోటి 45 నిమిషాలు, తరగతికి 30 డాలర్లు, మొత్తం 120, పూర్తిగా చెల్లించారు." "డాన్స్ ఫీజు 120" అని ఒక్క లైన్ రాసి ఇస్తే నిలవదు. తేదీలు అడగడానికి కారణం ఉంది. జరగని తరగతికి ముందే కట్టిన డబ్బు చాలా ప్రోగ్రాములు ఇవ్వవు. పిల్ల మధ్యలో మానేస్తే ఆ డబ్బు వెనక్కి రాబట్టలేరు కాబట్టి, నెల పూర్తయ్యాకే చెల్లిస్తారు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే పదిశాతం తగ్గింపు అని గురువుగారు అన్నా, ఈ లెక్కలో నెలనెలా కట్టడమే నయం. ఇన్వాయిస్ మీద అకాడమీ పేరు ఉండి, జెల్ అనే బ్యాంకు చెల్లింపు పద్ధతిలో గురువుగారి సొంత పేరుకి డబ్బు వెళ్తే పేర్లు కలవవు. ఇన్వాయిస్ కింద "చెల్లింపు ఫలానా పేరు మీద స్వీకరిస్తాము" అని ఒక లైన్ రాయమనండి.

ఇక మన ఇళ్లలోనే ప్రత్యేకంగా వచ్చే చిక్కు, ఇండియాలో ఉండి జూమ్‌లో పాఠం చెప్పే గురువులు. విద్య గొప్పది, ఫీజు తక్కువ. కానీ వెండర్‌గా నమోదు కావాలంటే చాలా ప్రోగ్రాములు డబ్ల్యూ-9 ఫారం, అంటే అమెరికా పన్ను గుర్తింపు సంఖ్య అడుగుతాయి. పిల్లలతో పనిచేసేవారికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడుగుతాయి, కాలిఫోర్నియాలో అది లైవ్ స్కాన్ వేలిముద్రలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న గురువుగారు ఇవి ఇవ్వలేరు. వారిని ఇబ్బంది పెట్టకుండా ఆ ఫీజు మీరే భరించి, ప్రోగ్రామ్ డబ్బుని గణితం, సైన్స్, టెస్టింగ్ వైపు మళ్లించండి. పాఠాలు ఎవరి డబ్బుతో నడిచినా కోర్సు గంటలు గంటలే, క్రెడిట్ వస్తుంది. ఖర్చు తిరిగి రానంత మాత్రాన ఆ ఎలెక్టివ్‌ని ప్లాన్ నుంచి తీసేయకండి. ఈ ఒక్క విషయం చాలామందికి తట్టదు.

అమెరికాలోనే ఉన్న గురువులైతే వెండర్‌గా నమోదు కావడానికి వారాలు పడుతుంది. ఇన్సూరెన్స్, వేలిముద్రలు, ఒప్పందం అన్నీ చూసుకుని మే, జూన్‌లోనే మొదలుపెట్టమని చెప్పండి. గుడి హాల్లో తరగతి జరిగితే అభ్యంతరం రావచ్చు. ఇన్వాయిస్ గుడి పేరు మీద కాకుండా నాట్యశాల పేరు మీద ఉండాలి, పాఠ్యాంశంలో ఉన్నది నాట్యశిక్షణే కావాలి. అలా నిజంగా లేకపోతే అలా రాయకండి.

నాట్యం దుస్తులు, నగలు, మేకప్ సాధారణంగా రావు, బట్టలు సొంత అవసరం కింద లెక్క. గజ్జెల విషయం ముందే అడగాలి. వాయిద్యాల్లో, పెరిగే పిల్లలకి వయొలిన్ అద్దెకి తీసుకోవడమే తెలివైన పని. ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు అని సైజులు మారుతూ పోతాయి, కొన్నది రెండేళ్లలో చిన్నదైపోతుంది. మృదంగం, వీణ అద్దెకి దొరకడం కష్టం, కొంటే ఖరీదు. చార్టర్ డబ్బుతో కొంటే మానేసిన రోజు ఇచ్చేయాలి కాబట్టి, పదేళ్లు వాయించాల్సిన వీణని సొంత డబ్బుతో కొనుక్కోమనే చెబుతాను.

మ్యూజియం టిక్కెట్లలో పిల్లది వస్తుంది, మీది రాదు. బిల్లులో విడిగా కనపడేలా కొనండి. తిండి, పెట్రోలు, విమానం రావు. మీ పిల్లకి మీరే పాఠం చెప్పి ఫీజు తీసుకోవడం కుదరదు.

అన్నదమ్ములు ఒకే కరిక్యులమ్ వాడితే టీచర్ గైడు, పాఠ్యపుస్తకం ఒకరి అకౌంట్‌లో, వర్క్‌బుక్కులు ఎవరివి వాళ్ల అకౌంట్‌లో పెట్టండి. ఒకే బిల్లుని ఇద్దరి పేర్ల మీద పెడితే అది రెండుసార్లు అడిగినట్టవుతుంది. వస్తువు వెనక్కి ఇచ్చి రీఫండ్ మీ కార్డు మీదికి వచ్చిందంటే, అది మీ డబ్బు కాదు. ఆ వారమే ప్రోగ్రామ్‌కి రాయండి. తెలిసి ఉంచుకుంటే మోసం కిందికి వస్తుంది.

తిరస్కరిస్తే కంగారుపడి అదే కాగితాలు మళ్లీ పంపకండి. కారణం చదవండి. "కరిక్యులమ్ ఆధారం లేదు" అంటే కోర్సు వివరణలో ఆ సామగ్రి పేరున్న చోట గుర్తుపెట్టి పంపాలి. "చెల్లింపు రుజువు లేదు" అంటే స్టేట్‌మెంట్ లైన్ కావాలి. "అనుమతించని వర్గం" అంటే చాలాసార్లు గడి తప్పు. ఫీజు "సామగ్రి"లో పడి ఉంటుంది, "ట్యూటరింగ్"కి మార్చితే సరిపోతుంది.

పన్ను

2025 జులై 4న వచ్చిన ఫెడరల్ చట్టంతో 529 ఖాతా (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) డబ్బుని కరిక్యులమ్, ఆన్‌లైన్ పాఠ్యసామగ్రి, షరతులకి లోబడిన ట్యూటరింగ్, పరీక్ష ఫీజులు, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చేయడం) ఫీజులకి కూడా వాడొచ్చు. 2026 నుంచి పిల్లకి ఏడాది పరిమితి 10,000 నుంచి 20,000 డాలర్లు. చట్టం మాత్రం పబ్లిక్, ప్రైవేట్, మత పాఠశాలల్లో చదివే పిల్లల గురించే మాట్లాడుతుంది. మీ రాష్ట్రం హోమ్‌స్కూల్‌ని ప్రైవేట్ స్కూలుగా చూస్తుందా లేదా అన్నదాని మీద మీకు వర్తించడం ఆధారపడుతుంది. పన్ను సలహాదారుని అడిగాకే డబ్బు తీయండి. కాలిఫోర్నియా ఈ బడి ఖర్చుల మినహాయింపుని ఒప్పుకోదు. తీసిన దానిలో లాభం భాగానికి రాష్ట్ర పన్ను, దాని మీద 2.5 శాతం అదనం పడుతుంది. ఒహాయోలో హోమ్‌స్కూల్ ఖర్చులకి 250 డాలర్ల వరకు రాష్ట్ర పన్ను క్రెడిట్ ఉంది. ఏ దారి వాడినా, ప్రోగ్రామ్ తిరిగి ఇచ్చిన బిల్లుని 529లోగానీ పన్ను క్రెడిట్‌లోగానీ మళ్లీ చూపించకూడదు. బిల్లు పీడీఎఫ్ పేరులోనే "ప్రోగ్రామ్", "529", "సొంతం" అని రాసి పెట్టుకుంటే ఏప్రిల్లో గందరగోళం ఉండదు.

ఏడాది చివర గడువు జూన్ 30 అని హ్యాండ్‌బుక్‌లో ఉన్నా, ఆర్డర్లు తీసుకోవడం చాలా ప్రోగ్రాములు వసంతంలోనే ఆపేస్తాయి. ఫిబ్రవరి మొదటి వారంలో బ్యాలెన్స్ చూసుకోండి. మిగిలిన డబ్బు వచ్చే ఏడాదికి వెళ్తుందా, పోతుందా అన్నది మీ ప్రోగ్రామ్ నియమం. పోయేదైతే వచ్చే సెమిస్టర్ కోర్సుల వర్క్‌బుక్కులు, ల్యాబ్ సామగ్రి, పరీక్ష ఫీజు ఏప్రిల్ లోపు పెట్టేయండి. చార్టర్ మారబోతున్నవాళ్లు తిరిగి ఇవ్వాల్సిన వస్తువుల జాబితా, బార్‌కోడ్‌లతో సహా, ఇప్పుడే టీచరుని అడిగి తీసుకోండి. మే నెలలో ఒక్క పుస్తకం కనపడక బిల్లు మీ పేరు మీద వచ్చే అవకాశం అప్పుడు తగ్గుతుంది.